అడవి అంచున నాలుగో మూట

ఉగాదికి మూడు వారాల ముందు నుంచి మా వైపు రోడ్లు తూర్పుకు కదులుతాయి. రాయచూరు వైపు నుంచీ, సిరుగుప్ప వైపు నుంచీ, ఇంకా పడమటి ఊళ్ల నుంచీ కన్నడం మాట్లాడే జనం గుంపులు గుంపులుగా ఆదోని మీదుగా, ఎమ్మిగనూరు మీదుగా శ్రీశైలానికి నడిచి పోతారు. తల మీద మూట, చేతిలో కర్ర. కొందరి కాళ్లకు చెప్పులు కూడా ఉండవు. అక్కడి అమ్మవారు వాళ్లకు ఇంటి ఆడపడుచు. పుట్టింటివాళ్లు సారె పట్టుకుని పోయినట్టు చీర, పసుపు, కుంకుమ పట్టుకుని పోతారు. దారి పొడుగునా వాళ్లకు ఎవరో ఒకరు అన్నం పెడుతూనే ఉంటారు. షామియానా వేసి వడ్డించేవాళ్లు ఒకచోట, వేపచెట్టు కింద గుండిగ దించినవాళ్లు ఇంకోచోట, ట్రాక్టరు మీద నిలబడి అరటిపళ్లు అందించేవాళ్లు మరోచోట. ఆ రోజుల్లో ఆ దారిలో ఆకలితో నడవాలంటే మనిషికి చాలా పట్టుదల ఉండాలి.

అంత పట్టుదలా నాకుంది.

మాది ఆ దారిలో అన్నం పెట్టిన ఇల్లు. తాత కాలంలో మాకు ఆదోనిలో పత్తి మిల్లు ఉండేది. గింజ తీసిన దూదిని బేళ్లు కట్టి, ప్రతి బేలు మీదా రేకు అచ్చుతో గంట గుర్తు వేసి పంపేవాళ్లు. ఏడాదికొకసారి అదే గుర్తు వేసిన సంచుల్లో ఎండు జొన్నరొట్టెలు, వేరుశనగ బుడ్డల పొడి నింపి, ఆత్మకూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న సత్రానికి తోలేవాళ్లు. తాత బండ్లలో తోలాడు. నాన్న మిల్లు లారీలో తోలాడు. నాకు ఏడేళ్లప్పుడు ఒకసారి ఆ సంచుల మీద కూర్చుని పోయాను. లారీ గుంతలో దిగినప్పుడల్లా కింద రొట్టెలు పటపటమనేవి. సత్రంలో పంక్తి సాగుతుంటే నాన్న చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆకలవుతోందని చొక్కా పట్టుకుని లాగితే వంగి నా చెవిలో చెప్పాడు: "ఈ దావలో మనం పెట్టేవాళ్లం రా. తినేవాళ్లం కాదు." నాకు అన్నం కర్నూలు వచ్చాక హోటల్లో దొరికింది.

తర్వాత కొన్నేళ్లకు మిల్లు పోయింది. ఎట్లా పోయిందో నేను చెప్పను. ఆదోనిలో ఎవరినడిగినా చెబుతారు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా. ఇప్పుడా స్థలంలో ఫంక్షన్ హాలుంది. నేను ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. రోజూ బస్సులో దాని ముందు నుంచే వెళ్లాలి. బస్సులో అవతలి వైపు సీటు చూసుకుని కూర్చుంటాను. ఆదోనిలో నేనుండే ఇల్లు అద్దెది, చొక్కా మాత్రం ఎప్పుడూ ఇస్త్రీది. ఎవరింట్లోనూ టీ తాగననీ, పెళ్లిళ్లలో రెండో పంక్తికి పిలిస్తే లేచి వచ్చేస్తాననీ నాకు పేరుంది. ఆ పేరు పోగొట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

బడి వెనక వీధిలో ఒక నేత అన్న ఉన్నాడు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. వాళ్ల నాన్న మా ఇంటికి పంచెలు, తువ్వాళ్లు నేసేవాడు. నన్ను "సావుకారీ" అని పిలిచే మనిషి ఇప్పుడు ఈయనొక్కడే. ఎగతాళికి పిలుస్తాడో అలవాటుకు పిలుస్తాడో నేను అడగలేదు. మధ్యాహ్నం ఆయన మగ్గం గుంట పక్కన కూర్చుని నా డబ్బా నేను తెరుచుకుని తింటాను. ఆయన కాళ్లు గుంటలో పలకలు తొక్కుతుంటాయి. నాడె అటూ ఇటూ పోతుంటుంది. ఆ చప్పుడు వింటూ చాలాసార్లు కళ్లు తెరిచే నిద్రపోయాను.

ఆయన ఏటేటా చలి తగ్గగానే అమ్మవారికని ఒక చీర నేస్తాడు. దాన్ని అమ్మడు, ఎవరికీ చూపించడు. తల మీద పెట్టుకుని శ్రీశైలం దాకా నడిచి పోయి ఇచ్చి వస్తాడు. రెండేళ్లుగా మాత్రం పోలేదు. మొదటి ఏడాది కొడుమూరు దగ్గర షుగర్ పడిపోయి రోడ్డు పక్కన కూలిపోయాడు. ఎవరో ఆటోలో వేసి ఇంటికి చేర్చారు. చీర కూడా ఆయనతోపాటే తిరిగొచ్చింది. రెండో ఏడాది కూతురు గడప దాటనివ్వలేదు. ఆ రెండు చీరలూ ట్రంకులో ఉండగానే ఈ ఏడాది మూడోది మగ్గం మీదికి వచ్చింది. కంటికి పోగు ఆనడం లేదనీ, ఇదే ఆఖరు చీర అనీ నాకొక్కడికే చెప్పాడు. మూడూ కలిపి తల మీద పెట్టుకుని, నడిచి, తన చేత్తో ఇవ్వాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

కూతురు నందవరం నుంచి ఆటోలో వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను.

"నడిచి పోతాడంట సార్, నడిచి! కొడుమూరు కాడ పడిపోతే యారు మోసినారు? నేను గదా ఉరికినాను, బిడ్డను సంకనేసుకోని!"

"నడిచే పోతా. ఆటోలో పోయేకి ఆయమ్మేమన్నా ఆసుపత్రిలో ఉండాదా?" అన్నాడు ఆయన గుంటలోంచే.

"ఆసుపత్రికి పోయేది నువ్వు!"

"కాళ్లు బాగుండాయి మే. తిండే టయానికి దొరకదు, అంతే."

ఆమె నా వైపు తిరిగింది. "అదే సార్ నేను సెప్పేది. ఆడ బువ్వ కుప్పలు కుప్పలు ఏస్తారు, పాయసం పోస్తారు. ఈయప్ప వద్దనడు. తింటే షుగర్ ఎక్కేస్తాది. ఒగోచోట గంటల తరబడి ఏమీ దొరకదు, తినకుంటే దిగిపోతాది. మూడు పూటలా రొట్టె, గడియారం సూసుకోని తినాల, మాత్ర ఏసుకోవాల. అదంతా సూసుకునే మనిషి ఎంట ఉంటే పొమ్మను. నేను అడ్డం పడను."

"నేనుంటా," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీరా సార్? మీరు యారింట్లోనూ నీళ్లు గూడా తాగరు. దావలో యాడ తింటారు?"

"యాడా తినం. మా తిండి మాకంటే ముందే పోయి కూచోనుంటాది."

మగ్గం ఆగింది. నేత అన్న తల పైకెత్తి నవ్వాడు. "సావుకారి మల్లా లారీ కడతాడంట మే!"

అట్లా మొదలైంది. బడి పుస్తకాల్లోంచి ఒక నోటుబుక్కు తీసుకుని దారంతా గీశాను. ఎమ్మిగనూరు నుంచి కొడుమూరుకు రెండు రోజులు. కొడుమూరు నుంచి కర్నూలుకు రెండు. కర్నూలు నుంచి అడవి అంచున సత్రానికి మూడు. అక్కడి నుంచి అడవిలో, కొండల్లో మూడు, ఎందుకైనా మంచిదని ఇంకొకటి. మనిషికి పూటకు రెండు రొట్టెలు, ఇద్దరికీ రోజుకు పన్నెండు. భుజాన మూడు నాలుగు రోజుల తిండి కంటే ఎక్కువ మోయలేం కనుక నాలుగు మూటలు. మొదటిది మాతో బయలుదేరుతుంది. తక్కినవి కొడుమూరులో, కర్నూల్లో, సత్రంలో మా కోసం కాచుకుని ఉంటాయి.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ నోటుబుక్కు ముందు కూర్చుంటే గడియారం సంగతి తెలిసేది కాదు. కిటికీలోంచి ఎండ వచ్చి పేజీ మీద పడేది. పెన్సిలు గీత మీద ఎర్రమట్టి లేచేది. మూడు చోట్ల మూడు మూటలు, పెళ్లికి ముందే దిగిన చుట్టాల్లాగా, తీరిగ్గా కూర్చుని మా దారి చూస్తున్నట్టు కనిపించేవి. మా ఇంటి నుంచి ఆ దారిలోకి ఒక్క రొట్టె కూడా పోక నలభై ఏళ్లు దాటింది. ఇప్పుడు పోతున్నవి మేం తినడానికే అయినా, పోతున్నాయి కదా అనిపించేది.

మా ఆవిడకు అట్లా అనిపించలేదు.

"నూట ముప్పై రెండు రొట్టెలా?" అంది నోటుబుక్కు చూసి.

"విరిగేవి పోతాయి. నూట నలభై అనుకో."

"ఏమప్పా, నూట నలభై రొట్టెలు కొట్టల్ల నేను. నువ్వు రెండు పూటలు అందరితో కూచోని నాలుగు మెతుకులు తింటే మీ తాత పైనుంచి దిగొస్తాడా?"

"తాత రాడు. నేను దిగిపోతా."

"మీ తాతే దిగొస్తే బాగుండు. పిండి పిసికేకన్నా పనికొస్తుండె."

అన్నదే గాని, రొట్టెల పని ఆమె నాకు వదల్లేదు. పెనం మీద కాల్చి, మళ్లీ సన్నసెగ మీద నిలబెట్టి, తేమ చుక్క లేకుండా ఆరబెడితే అది కడక్ రొట్టె. అద్దంలా విరుగుతుంది, నెల ఉన్నా చెడదు. అయినా నేను పరీక్ష పెట్టాను. ఒకటి ప్లాస్టిక్ కవర్లో, ఒకటి గుడ్డలో కట్టి అటక మీద ఉంచాను. పదో రోజుకు కవర్లోదానికి బూజు పట్టింది. గుడ్డలోది చెక్కుచెదరలేదు. బుడ్డల పొడి ఎండకు ముక్క వాసన వస్తుందని సత్రం మూటకు గురెళ్ల పొడి, అదే వలిసెల పొడి, పెట్టాం. ఎర్రగడ్డలు, ఊరుమిరపకాయలు, ఉప్పు వేసిన నిమ్మచెక్కలు. నా చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు బెల్లం ముక్కలు. అవి తినడానికి కావు. అన్నకు చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే నోట్లో పెట్టడానికి.

మోత అలవాటు కావాలని పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని కొండ వైపు నడిచేవాణ్ణి. ఆదోని రాళ్లగుట్టలు ఆ వేళప్పుడు ఇంకా చల్లగా, నీలంగా ఉంటాయి. పాలు పోయించుకుంటున్న పక్కింటాయన ఒకరోజు ఆపాడు.

"ఏం సార్, ఇల్లు ఖాళీ చేస్తాండారా?"

"లేదప్పా. బరువు అలవాటు చేసుకుంటాండా."

"ఈ వయసుకు ఇంగా అలవాటు కాలేదా సార్!"

ఆదోని నుంచి ఒక భక్తుల గుంపు ఏటా అడవిలో అన్నం పెడుతుంది. వాళ్ల ట్రాక్టరు పదిహేను రోజుల ముందే సామాన్లతో వెళుతుంది. డ్రైవరు మూడు మూటలనూ దారిలో దించి పోతానన్నాడు. మూటలు తెల్లటి మందపాటి గుడ్డలో కట్టాను. మిల్లు తాలూకు నా దగ్గర మిగిలింది రేకు అచ్చు ఒక్కటే. దాన్ని తుడిచి, నల్ల సిరా అద్ది, ఒక్కో మూట మీదా గంట గుర్తు వేశాను. మూడు గంటలూ తడిగా మెరుస్తూ నేల మీద వరసగా కూర్చుంటే నేనే కాసేపు పక్కకు పోలేకపోయాను.

ఇక చీటీలు రాయాలి. కొడుమూరులో నా దగ్గర చదివిన అమ్మాయి మందుల షాపు నడుపుతోంది. ఆమెకు, "మేము వచ్చేదాకా అట్టిపెట్టు తల్లీ" అని రాశాను. కర్నూల్లో బావమరిది. అతనికీ అదే రాశాను. సత్రం మూట దగ్గర కలం ఆగిపోయింది. "మేము వస్తున్నాం, మా కోసం అట్టిపెట్టండి" అని ఒకసారి రాసి చింపేశాను. మా ఇంటి నుంచి ఆ సత్రానికి పోయిన సంచులతో "మా కోసం" అన్న మాట ఎన్నడూ పోలేదు. రాయడానికి చేయి రాలేదు. చివరికి, "ఆదోని నుంచి, సత్రం పెద్దకు" అని మాత్రం రాసి కట్టాను.

బయలుదేరే ముందు నేత అన్న కూతురు అన్నీ ఒకటికి రెండుసార్లు అడిగింది. "సత్రమాయనకు ఫోను చేసినారా సార్?"

"నంబరు లేదమ్మా. గుర్తు ఏసినాం గదా. గుర్తు సూస్తే వాళ్లకు తెలుస్తాది."

ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా నేను ఒంటరిగా నడిచాను. ముప్పై ఏళ్లుగా బస్సులో చూస్తున్న రోడ్డే. నడిస్తే అది వేరే రోడ్డు. పత్తి ఏరేసిన చేలల్లో ఎండుకట్టె మిగిలి ఉంది. అక్కడక్కడా కాయకు అంటుకున్న దూదిపోచ గాలికి వణుకుతోంది. పెద్దకడుబూరు వైపు నుంచి కూలీల ఆటోలు వచ్చి పోతున్నాయి. లోపలి ఆడవాళ్లు నన్ను చూసి దండం పెట్టారు. నాకు కాదు, నడుస్తున్నందుకు. పది గంటలయ్యేసరికి రోడ్డు మీద ఎండ నీళ్లలా పారడం మొదలుపెట్టింది. ఆ నీళ్లలో దూరంగా బండ్లు పోతున్నట్టుంది. వరసగా, తొందర లేకుండా, మువ్వల చప్పుడు కూడా లేకుండా. ఎంత నడిచినా అవి అంతే దూరంలో ఉన్నాయి. ఎండదెబ్బేమోనని చెట్టు కింద కూర్చుని నీళ్లు తాగాను. కళ్లు మూసుకున్నా బండ్లు పోలేదు. అవి కనిపించినంతసేపూ నాకు కాళ్ల నొప్పి తెలియలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా నేత అన్నా నేనూ బయలుదేరాం. మూడు చీరలూ తెల్లగుడ్డలో చుట్టి తల మీద పెట్టుకున్నాడు. కాసేపు నేను మోస్తానంటే, "నువ్వు రొట్టెల సంగతి సూసుకో సావుకారీ, చీరల సంగతి నాది," అన్నాడు. ఎనిమిదింటికి రొట్టె, మాత్ర. ఒంటిగంటకు రొట్టె. పొద్దు వాలకముందే మళ్లీ రొట్టె, మాత్ర. పంక్తులు సాగుతున్న చోటల్లా కుర్రాళ్లు రోడ్డుకు అడ్డం వచ్చి పిలిచేవాళ్లు.

"తిని పోండప్పా! యాడికి ఉరుకుతాండారు?"

"మా కాడ ఉండాది," అనేవాణ్ణి నేను ఆగకుండా.

యాభై అడుగులు దాటాక ఏదో ఒక చెట్టు కింద కూర్చుని మూట విప్పేవాళ్లం. రొట్టె ఫెళఫెళ విరిగేది. పంక్తిలోంచి నవ్వులు, కన్నడ పాటలు, గరిటెల చప్పుడు వచ్చేవి. అన్న నములుతూ అటే చూస్తుండేవాడు.

"బువ్వ మీద నాకు ఆశ లేదులే," అన్నాడు ఒకసారి. "ఆడ యారో కత సెప్తాండారు. సగమే ఇనపడతాంది."

నేను ఇంకో రొట్టె విరిచి ఆయన చేతిలో పెట్టాను.

"పది మంది మధ్యలో కూచుంటేనే గదా సావుకారీ, నడిచినట్టుండేది. ఇట్ల తింటాంటే బడి ఎగ్గొట్టినట్టుండాది."

నేను మూట ముడేసి లేచాను. నా లెక్క తప్పడం లేదు. కొడుమూరు ముందు ఆయన పడిపోయిన చోటు వచ్చింది. ఆయన ఒక్క క్షణం ఆగి, ఆ మట్టిని చెప్పుకాలితో మెల్లగా తట్టి నడిచాడు. మందుల షాపులో మూట భద్రంగా ఉంది. ఆ అమ్మాయి షుగర్ కూడా చూసింది. బాగుంది. కర్నూల్లో మూడో మూట అందింది. అక్కడి నుంచి మా కాళ్లు మా ప్రమేయం లేకుండానే నడిచాయి. కునుకులోకీ మెలకువలోకీ తేడా పలచబడింది. ముందు నడిచే తెల్లమూట ఒక్కటే నాకు కనిపించేది. అది కిందికీ పైకీ ఊగుతూ గాలిలో తేలిపోతున్న దూదిపింజలా ఉండేది. దాని వెనకే నేను తేలిపోయేవాణ్ణి.

దారిలో నలిగి పొడైనవి పోను, ఏడో రోజు పొద్దున ఆఖరి నాలుగు రొట్టెలు తిన్నాం. ఒంటిగంటకు సత్రం చేరతాం, మూట విప్పుకుంటాం. అదీ లెక్క. ఎండ ఎక్కువై నడక మందగించింది. సత్రం కనిపించేసరికి రెండయింది. దాని వెనక అడవి, ఎండుటాకుల రంగులో, ఊపిరి బిగబట్టినట్టు ఉంది.

గోడ మీద మొదట నాకు గంట కనిపించింది. ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ మీద, సూర్యుడి కేసి తిరిగి, నల్లగా. మూట కట్టిన గుడ్డ అది. అందులో మూట లేదు.

సత్రం పెద్ద బయటికి వచ్చాడు. నేత అన్న వయసుంటుంది. నేను గుడ్డ వైపు చూడటం చూసి, "ఆదోనోళ్లా?" అన్నాడు. "గంట గుర్తోళ్లా మీరు?"

తలూపాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నిన్ననే పెడితిని అప్పా! ట్రాక్టరాయప్ప దించి పోయినాడు. గుర్తు సూసి నాకు కాళ్లాడలేదు. మా నాయన కాలంలో మీ లారీలో సంచులు దించినవాణ్ణి నేను. ఎన్నేండ్లాయ! ఉగాది గుంపు నిండుగా వచ్చేదాకా ఉండనీలే అని అట్లే పెట్టి, నిన్న పంక్తిలో పంచితిని. ఒగొగరికి ముక్క ముక్కే వచ్చినాది. అయినా మీ ఇంటి పేరు సెప్పి మరీ పెడితిని. ఒగరు గూడా వదల్లేదు!"

ఆ ఇంటి పేరు ఆ ఆవరణలో మళ్లీ వినిపించిందన్నమాట. రొట్టెలు చేతులు మారాయి, పటపటా విరిగాయి. ఎమ్మిగనూరు దారిలో ఎండలో నేను ఏ బండ్లను చూశానో అవి నిన్న ఇక్కడికి వచ్చి ఆగాయి. ఒక్క క్షణం నా ఒళ్లంతా తేలికైపోయింది. ఆ వెంటనే వెనక గోడకు ఏదో రాసుకున్న చప్పుడయింది. తిరిగి చూశాను. నేత అన్న గోడకు జారగిలబడి కూర్చుని ఉన్నాడు. మొహమంతా చెమట. మూట ఒళ్లో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేసి ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి.

జేబులోని బెల్లం ఆయన నోట్లో పెట్టాను. రెండో ముక్కా పెట్టాను. కాసేపటికి కళ్లు నిలిచాయి. కానీ అది గడ్డిమంట. వెంటనే కడుపులో రొట్టె పడాలి.

"ఏమైంది ఈయప్పకు?" అని సత్రం పెద్ద వంగాడు. "పంక్తి ఏస్తాండారు లోపల. కన్నడోళ్లు. రొట్టెలే. రాండి, కూచోండి."

ఆయన పంచినవి మా ఇద్దరి ప్రాణానికని దాచుకున్న రొట్టెలని ఆయనకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. "ఈయనకు పెట్టండి. ముందు ఈయనకు," అన్నాను.

"నువ్వో?" అన్నాడు నేత అన్న.

"నేను తర్వాత సూసుకుంటా. నువ్వు లెయ్ అన్నా."

"నువ్వు కూచుంటే కూచుంటా. లేకుంటే లేదు."

"అన్నా, ఇది పంతాలు పట్టే టయమా?"

"నీకు ఏడు దినాలు పంతముండె. నాకు ఒగ పూట ఉండకూడదా?"

"పడిపోతావు!"

"పడితే పడతా. చీరలు నువ్వెత్తుకోని పో. అడుక్కోకుండా పోతావులే నువ్వు, ఏమీ తినకుండా." అని కళ్లు మూసుకున్నాడు. ఆ మొహంలో కోపం లేదు. మగ్గం మీద పోగు తెగినప్పుడు, అది దొరికేదాకా కూర్చునే మనిషి మొహం అది.

నందవరంలో ఆయన కూతురు ఈ వేళకు గడియారం చూసుకుంటూ ఉంటుంది. ఆమెకు నేనిచ్చిన మాట రొట్టెల గురించి. ఎవరి రొట్టెలని ఆమె అడగలేదు.

ఆయన చంకల కింద చేతులేసి లేపాను. లోపల నేల మీద పొడుగ్గా రెండు వరసలు. చివర్లో ఖాళీ చూసి ఆయన్ని కూర్చోబెట్టాను. పక్కన నేను కూర్చున్నాను. మోకాళ్లు వంగడానికి చాలాసేపు పట్టింది.

ఒక పెద్ద వయసు కన్నడ ఆమె రొట్టెల గంప నడుముకు ఆనించుకుని వచ్చింది. అన్నకు రెండు ఇచ్చింది. నా ముందు ఆగి, "హిడీరి అణ్ణా," అంది. పట్టుకో అన్నా అని. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఆమె రొట్టె పట్టుకుని అట్లాగే నిలబడింది. వెనక నుంచి పప్పు గిన్నెవాడు ఆమెను తోస్తున్నాడు. ఆమె కదల్లేదు. ఇచ్చేవాళ్లు ఎట్లా నిలబడతారో నాకు బాగా తెలుసు. చేయి చాచేవాళ్లు ఎంతసేపు కిందికి చూడాలో మాత్రం అప్పుడే తెలిసింది. చేయి చాచాను. రొట్టె వేడిగా, మెత్తగా, ఆమె అరచేతి చెమ్మతో సహా నా చేతిలో పడింది.

పక్కన నేత అన్న అప్పటికే తింటున్నాడు. నాలుగు ముద్దలకు చేతుల వణుకు ఆగింది. మొహంలోకి రంగు వచ్చింది. కాలికి బొబ్బలెక్కి నిన్నటి నుంచి సత్రంలోనే ఉండిపోయిన ఒక సిరుగుప్ప రైతు మా ఎదురుగా కూర్చున్నాడు. నా రొట్టె వైపు చూపించి మాట కలిపాడు.

"ఇది మేలప్పా. నిన్న యారో ఆదోనోళ్ల రొట్టె అని పెట్టినారు. అబ్బబ్బ, ఏం గట్టిగుండె! పండ్లు కదిలిపోయినాయి!"

నేత అన్నకు పొలమారింది. దగ్గుతూ నవ్వుతూ నీళ్లు తాగి, "ఆ ఆదోనోళ్లంతా అట్లే గట్టిగుంటారు లేన్నా," అన్నాడు. "నానబెట్టాల. నానితే బాగుంటారు."

రైతుకు ఏమీ అర్థం కాకపోయినా నవ్వాడు. నేనూ నవ్వాను. నోట్లో రొట్టె ఉండగా నవ్వడం నాకు అలవాటు లేదు.

ఆ పూట అయిపోయింది గాని, ముందు అడవి ఉంది. మూట లేదు. ఇక మూడు రోజులూ ప్రతి పూటా అడగాలి. అది కూడా ఊరికే కూర్చుంటే కుదరదు. అందరికీ అన్నం వడ్డిస్తుంటే, "ఈయనకు బువ్వ వద్దు తల్లీ, షుగరుంది, రొట్టె ఉంటే రెండు ఇయ్యి," అని అడగాలి. మొదటి చోట ఆ వాక్యం మనసులో నాలుగుసార్లు అనుకుని అన్నాను. వాళ్ల దగ్గర రొట్టె లేదు. పక్క గుడారానికి పోయి మళ్లీ అడిగాను. అక్కడ ఒకామె తన సొంత మూట విప్పి ఇచ్చింది. రెండో రోజుకు అడగడం నాకు వచ్చేసింది. గుడారం చూడగానే గంపలున్నాయో గుండిగలున్నాయో దూరం నుంచే పసిగట్టేవాణ్ణి. నోటుబుక్కు సంచీ అడుగున ఉండిపోయింది. దాన్ని తీయాల్సిన పని రాలేదు.

అడవిలో నడక నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఆకులు రాలిన చెట్ల మధ్య ఎండ గీతలు గీతలుగా పడేది. ముందు ఎక్కడో ఒకరు పాట ఎత్తుకుంటే అది లోయలోకి దిగి, చాలాసేపటికి మా వెనక నుంచి వచ్చేది. భీముని కొలను దగ్గర రాతి మెట్ల మీద జనం, రంగురంగుల మూటలు, చీమల బారులా, కదులుతున్నారో లేదో తెలియకుండా కదులుతున్నారు. అన్న ప్రతి పది మెట్లకూ ఆగి ఊపిరి తీసుకున్నాడు. మూట మాత్రం దించలేదు. భుజాన మోత లేక నా నడక నాకే కొత్తగా ఉంది. గాలి వీస్తే కొండ మీదికి నన్నే తీసుకుపోతుందేమో అనిపించింది.

గుడిలో చీరలు తీసుకునే చోట బారెడు వరస. మా వంతు వచ్చింది. అక్కడి మనిషి అలసిపోయి, తల ఎత్తకుండా చేయి చాచాడు. నేత అన్న గుడ్డ విప్పి మూడు చీరలూ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చాడు. ఆఖరుది ఇచ్చేముందు అంచు వెంబడి బొటనవేలు ఒకసారి జరిపాడు. కంటికి ఆనని పోగు వేలికి ఆనింది. ఆ మనిషి దాన్ని తీసుకుని, కొన్ని వందల చీరలున్న కుప్ప మీద వేశాడు. మా వెనకున్నవాళ్లవి వచ్చి దాన్ని కప్పేశాయి. ఆయన ఆ కుప్ప వైపు మళ్లీ చూడలేదు. ఖాళీ అయిన గుడ్డను దులిపి, భుజాన వేసుకున్నాడు.

బయట ఎండ తెల్లగా కొడుతోంది. ఒంటిగంట దాటింది.

"ఆకలైతాంది సావుకారీ," అన్నాడు. "పంక్తి యాడుండాదో సూడు."

చూశాను. జనం మధ్యలోంచి నేనే ముందు నడిచాను. మూడో గుడారం దగ్గర రొట్టెల గంప కనిపించింది. దాని వెనక నిలబడిన ఆమె నా వైపు తిరిగేదాకా ఆగి అడిగాను.

"ఇద్దరికి చోటుందా తల్లీ?"